వందలు వద్దు

"నైన్టీన్ హండ్రెడ్ థర్టీ సిక్స్," అన్నాడతను.

సుద్దముక్క తలుపు మీద టక్కున మోగింది. "మళ్లీ హండ్రెడ్! ఎన్నిసార్లు చెప్పాలండీ మీకు? వందలు వద్దు. ఇంగ్లీషువాళ్లు సంవత్సరాన్ని రెండు ముక్కలు చేస్తారు. నైన్టీన్ ఒక ముక్క, థర్టీ సిక్స్ ఒక ముక్క. రొట్టె తుంచినట్టు తుంచి పలకడమే."

"మనం పంతొమ్మిది వందల ముప్పయ్యారు అంటాం కదా, టీచరమ్మా. మరి ఆ వందలన్నీ ఎటు పోతాయి?"

"మీ బుర్రలోకెళ్లి కూర్చున్నాయి. అందుకే ఇంకేదీ పట్టడం లేదందులో."

అతను పకపకా నవ్వాడు. పెళ్లాం తిడితే మొహం మాడ్చుకునే మగవాళ్లే లోకంలో ఎక్కువ. ఇతనికి మాత్రం పొద్దున్నే ఆ తిట్టు పడితేగాని కాఫీ గొంతు దిగదు.

ఆమె చెయ్యి తిరిగిన ఇంగ్లీషు టీచరు. ఆమె బెంగంతా పాత గడియారాల మ్యూజియంలో అతని గైడు ఉద్యోగం ఇంటర్వ్యూ గురించే. ఒక్కో గడియారం ముందూ నిలబడి, అది ఏ సంవత్సరంలో తయారైందో విదేశీయులకి గడగడా చెప్పాలి. అక్కడ నోరు తడబడితే మర్యాదగా ఇంటికి పంపించేస్తారు. అందుకని వంటింటి తలుపు వెనక సుద్దతో సంవత్సరాలు రాసి, అతన్ని ఎదురుగా నిలబెట్టి, ఒక్కొక్కటీ పలికిస్తుంది. తను పాస్ చేస్తేనే గుమ్మం దాటాలని షరతు. పాఠం అయ్యాక తడిగుడ్డతో తుడిచే పని అతనిది. తుడిచి తుడిచి తలుపుకి ఆ మేర రంగంతా పోయి చెక్క బయటపడింది.

ఆమె 1905 మీద సుద్ద ఆనించింది.

"నైన్టీన్ జీరో ఫైవ్."

"అయ్యో రామా! సున్నాని సున్నా అనరండీ, ఓ అంటారు. ఎవరో వీధిలోంచి పిలిస్తే మీరు పలుకుతారే, ఓ అని, అలా. నైన్టీన్ ఓ ఫైవ్. అనండి, మొద్దబ్బాయిగారూ."

అన్నాడు. అని, కాస్త ఆగి అడిగాడు. "మరి రెండువేలు దాటితే ఎలా తుంచుతారు?"

"రెండువేలా? దానికింకా బోలెడు టైముంది. వచ్చినప్పుడు చూసుకుందాం. ముందు ఉన్నవి సరిగ్గా ఏడవండి."

అతను గుడ్డ తడిపి తలుపు వైపు తిరిగాడు. ఆ పూట చాలాసేపు తుడిచాడు.

మరదలు పై వాటాలోనే ఉంటుంది. ఆసుపత్రిలో నర్సు. డ్యూటీకి వెళ్తూ రోజూ కిటికీ దగ్గర ఆగుతుంది.

"బావగారూ, ఇవాళ అక్క తిట్టిందా?"

"దుమ్ము దులిపేసింది."

"హమ్మయ్య! అక్క తిట్టినన్నాళ్లూ మనకి ఢోకా లేదు," అని గబగబా మెట్లు దిగిపోయింది.

వారం తిరగలేదు. ఓ పొద్దున అతను "నైన్టీన్ జీరో ఫైవ్" అంటే ఆమె ఊఁ కొట్టి, సుద్దని పక్క అంకె మీదికి జరిపేసింది. మళ్లీ అన్నాడు, జీరోని ఒత్తి మరీ అన్నాడు. ఆమె కిటికీలోంచి వీధిలోకి చూస్తోంది. రాత్రి నిద్ర పట్టలేదేమో, పరధ్యానంలో ఉందేమో అని తనకి తానే సర్దిచెప్పుకున్నాడు. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. ఇక మిగిలింది ముప్పయ్యారు ఒక్కటే. ఆ వందల దగ్గర మాత్రం ఆమె ఏనాడూ వదిలిపెట్టలేదు. ఆ ఒక్కటీ ఉంటే చాలు దేవుడా అనుకున్నాడు.

ఇవాళ ఆమె సుద్ద పట్టుకుని 1936 అని రాసింది. అంకెలు ఎప్పటిలాగే గుండ్రంగా, ముద్దుగా ఉన్నాయి. అతను గొంతు సవరించుకున్నాడు.

"నైన్టీన్ హండ్రెడ్ థర్టీ సిక్స్."

సుద్ద మోగలేదు.

"నైన్టీన్ హండ్రెడ్ థర్టీ సిక్స్, టీచరమ్మా. హండ్రెడ్!"

ఆమె మొహం విచ్చుకుంది. "భేష్! ఇన్నాళ్లకి ఒక్క తప్పు లేకుండా చెప్పారు. మీరు పాస్. రేపు ఆ ఉద్యోగం మీది కాకపోతే నన్నడగండి, మొద్దబ్బాయిగారూ!"

"సరిగ్గా విన్నావా? ఒక్కసారి తిట్టవూ?" అని బతిమాలాడతను.

"బాగా చెప్తే ఎందుకు తిడతాను? చోద్యం కాకపోతే!" అంటూ ఆమె బీరువా తెరిచి, పెళ్లినాటి కోటు తీసి, దులిపి, తనే అతనికి తొడిగింది. గుండీలు అందలేదు. ఎంత లాగినా జానెడు దూరంలోనే ఆగిపోయాయి. "పోనీలెండి, మొదటి జీతంతో కొత్తది కుట్టించుకుందురుగాని," అని నవ్వింది.

గుమ్మంలో మరదలు నిలబడి ఉంది. అతని మొహం చూసి మరదలి మొహం పాలిపోయింది.

"ఏమైంది బావగారూ?"

"పాస్ చేసేసింది," అన్నాడతను.

మరదలు చేత్తో నోరు మూసుకుని గడప మీదే కూలబడింది.

"ఏమిటే ఆ ఏడుపు? శుభమా అని మీ బావగారు ఉద్యోగంలో చేరబోతుంటే!" అని ఆమె చెల్లెల్ని కసిరింది.

అతను తడిగుడ్డ చేతిలోకి తీసుకున్నాడు. తలుపు మీది అంకెలు తుడవడానికి చెయ్యి రాలేదు. బిగుతు కోటులో అలాగే నిలబడి, ఆమె రాసిన 1936 కేసి చూస్తూ ఉండిపోయాడు.

ఆ మ్యూజియంలో గైడుగా అతను రిటైరై ఏడాది దాటింది.