ముట్టని పూలు

"అవ్వా, బతుకమ్మకు సీమ్ పడ్డదే!"

ఉమాకాంత్ కంప్యూటర్ ముందు తల పట్టుకున్నాడు.

"సీమ పట్టిందా? జర పసుపు చల్లురా, పోతది."

వంటింట్లోంచి నానమ్మ చిన్నవ్వ పసుపు డబ్బాతో రానే వచ్చింది. కీబోర్డు మీద చల్లబోయింది.

"సీమ కాదే, సీమ్! అంటే అతుకు. ఆగే అవ్వా, కంప్యూటర్‌కు పేరంటం పెట్టకు!"

అది కరోనా ఏడు. సూరత్‌లో గర్బాకే గేటు పడితే బతుకమ్మకు చోటేది? ఉధ్నా గల్లీలో సాంచాలు, అంటే మరమగ్గాలు నడిపే మన తెలుగు కుటుంబాలన్నీ గదుల్లోనే ఉండిపోయాయి. పూలకూ కరువే. ఏటా సైకిలేసుకుని ఊరి బయట కడోదరా దాకా పోయి, గల్లీకంతా తంగేడు పంచే రాజమల్లును ఎండాకాలంలోనే కరోనా ఎత్తుకుపోయింది.

అందుకని చీరల డిజైన్లు గీసే ఉమాకాంత్, కంప్యూటర్‌లో ఒక మైదానం కట్టాడు. దాని పక్కన తాపీ నదిని తాపీగా గీశాడు. నడుమ బతుకమ్మను నిలబెట్టాడు. ఆఖరి రోజు, సద్దుల బతుకమ్మ నాడు ఆడవాళ్లంతా ఫోన్లలోంచే బొమ్మలై వచ్చి ఆడాలి.

పేర్చినవాడికి పేరు రావాలి. అదీ అతని ఆశ.

కానీ చీరేమో బల్లపరుపు, బతుకమ్మేమో గుండ్రం. పూల ఫొటో ఒకటి తెచ్చి చుట్టబెడితే కింద తంగేడు గుమ్మడిపువ్వంత సాగింది, పైన గుమ్మడిపువ్వు ఆవగింజంత నలిగింది. ఫొటో అంచులు కలిసినచోట బొంత కుట్టులాంటి గీత.

చూడ్డానికి ముందే ఫోన్‌లోంచి మైదానంలోకి వచ్చిన పై అంతస్తు సుమన వదిన ఊరుకుంటుందా?

"ఏందయ్యా మరిదీ, ఇది బతుకమ్మనా, అతుకమ్మనా?"

గల్లీకి గల్లీ నవ్వింది.

మర్నాడు పొద్దున చూస్తే అతుకు లేదు!

ఎవరో ఆ ఒక్క ఫొటోనూ తీసేసి, వరుసకొక పట్టీ కోసి చుట్టారు. కింద పెద్దది, పైకి పోయినకొద్దీ చిన్నది. ఒక్కో వరుస అతుకును ఒక్కో పువ్వు చాటున దాచారు. పూలు ఇప్పుడే కోసుకొచ్చినట్టున్నాయి.

పక్కన ఒక బొమ్మ నిలబడి ఉంది. పేరు "తంగేడు".

మైదానంలోకి వచ్చే కోడు గల్లీ ఫోన్ గ్రూపులో పెట్టింది ఉమాకాంతే; అది కొడితే ఎవరైనా రావొచ్చు, పూలు మార్చొచ్చు. ఎవరి చుట్టమో, ఏ హైదరాబాదోడో దూరి ఉంటాడనుకున్నాడు.

"గా తంగేడు చేతులకు మొక్కాలె!" అని సుమన.

"మన ఉమాకాంత్‌కు గంత పని యాడొస్తది!" అని ఇంకెవరో.

కంప్యూటర్ పూలు వాడవు, కుళ్లవు. కుళ్లింది ఉమాకాంత్. కడుపులో మంట, దాని మీద శానిటైజర్ పోసినట్టు ఒక్కో పొగడ్త.

"ఎవరు నువ్వు? మైకు ఆన్ చెయ్," అని టైపు చేశాడు.

"మైకు వద్దన్నా. పూలు చాలు."

"సద్దుల నాడు అందరి ముంగట దండ ఏయించుకుంటవా?"

"వద్దన్నా. ఒక మూలకు నిలబడి చూస్తా. ఈ ఏడు నాకు ఇదొక్కటే బతుకమ్మ."

"మాకేమన్న పదున్నయా!" అని గొణిగి, ఉమాకాంత్ తంగేడును బయటికి తోసేశాడు. కోడు మార్చేసి, కొత్తది ఒక్కొక్కరికీ ఫోన్ చేసి మరీ చెప్పాడు.

సద్దుల నాడు గల్లీ అంతా బొమ్మలై దిగింది. పాటలు, చప్పట్లు, ఆగిపోయే నెట్‌తో పాటే సాగే రాగాలు.

చివరికి ఉమాకాంత్ బటన్ నొక్కాడు. బతుకమ్మ తాపీలోకి దిగింది. వరుస వెంట వరుస విడిపోయి నీళ్లలో కలిసిపోయింది. ఒకసారి మునిగితే మళ్లీ తేలదు, అతనే అలా అమర్చాడు.

"శభాష్ మరిదీ! అవునూ, తంగేడేడి?" సుమన అడిగింది.

"ఏమో వదినా, నెట్టు పోయినట్టుంది."

"నెట్టు పోలేదురా. నెట్టేస్తే పోయింది."

చిన్నవ్వ మనవడి చేతిలోంచి మైకు లాక్కుంది. గల్లీ అంతా చెవులు రిక్కించింది.

"ఇంట్ల మనిషి పోయిన ఏడు బతుకమ్మను పేర్చొద్దు కదనే! కిటికీ కాడ నిలబడి ఏడ్సుకుంట అడిగింది పిల్ల. గీ కంప్యూటర్ బొమ్మలే సదువుతున్న పిల్లాయె. చేత ముట్టని పూలకు మైల ఏందే, పో, పేర్చుకో అని నేనే చెప్పిన. నలుగురు ఏమంటరోనని పేరు దాసుకున్నది."

ఉమాకాంత్ వేలు ఇంకా బటన్ మీదే ఉంది.

"గా తంగేడు పరాయోడు కాదురా! ఏటా మనకు పూలు తెచ్చిన రాజమల్లు బిడ్డ నవత, పొద్దటి సంది ఎదురు కిటికీల కూసోని పాత కోడే కొట్టుకుంట ఉన్నది."