బిస్కెట్‌కి తగిలిన దిష్టి

"గినీ పిగ్‌కి కూడా దిష్టి తగులుతుందా?" అన్నాడు దీపక్.

"కొత్త కారు టైర్ల కింద నిమ్మకాయలు పెట్టినప్పుడు మీకీ అనుమానం రాలేదే!" అంది సింధుజ.

దీపక్ మళ్ళీ ఫోన్‌లో తల దూర్చాడు.

బిస్కెట్ వాళ్ళ గినీ పిగ్. తెలుపూ గోధుమరంగూ కలిసిన, తోకలేని ఎలుక జాతి బొద్దు ప్రాణి. ఎనిమిదేళ్ళ అనన్యకి ముందు అది, ఆ తర్వాతే అమ్మా నాన్నా. రెండు నెలల క్రితం ఆన్‌లైన్‌లో ప్రకటన చూసి వెళ్తే, టార్నీట్ రైల్వే స్టేషన్ కార్ పార్కులో ఎవరో అమ్మాయి గూడుతో సహా చేతిలో పెట్టి వెళ్ళిపోయింది.

ఇప్పుడు దాని నడుం మీద శనగగింజంత గడ్డ.

సింధుజ అనుమానమంతా ఒక్కరి మీదే. రోజూ సాయంత్రం వాకింగ్‌కొచ్చే పెద్దాయన.

మంకీ క్యాపు, చేతిలో నాలుగు కొత్తిమీర కాడలు. అనన్య బిస్కెట్‌ని ముందు లాన్‌లో వదిలితే చాలు, ఆగిపోయేవాడు.

"ఒరేయ్ కిట్టూ, తిన్నావురా?"

"తాతా, హి ఈజ్ బిస్కెట్!"

"అవునమ్మా, బిస్కెట్టే. ముసలాణ్ణి కదా, నోరు తిరగదు."

కిట్టు అనే మనవడెవరో ఉండుంటాడులే అనుకుంది సింధుజ. ఆయన చెప్పుల చప్పుడు వినపడితే చాలు, బిస్కెట్ కీచుకీచుమని ఇల్లెగరగొట్టేది. కొత్తిమీర మహిమ అనుకుంది.

బిస్కెట్ ఇంటికొచ్చిన మొదటి వారంలోనే ఆయన అడిగాడు.

"అమ్మా, వీడి నడుం మీద గడ్డేమైనా చేతికి తగుల్తోందా? అప్పుడప్పుడూ తడిమి చూస్తుండండి."

"లేదంకుల్, శుభ్రంగా ఉంది."

మంచి మాటే దొరకలేదా ఈయనకి అని లోపల తిట్టుకుంది. విజిటర్ వీసా మీద వచ్చిన పెద్దవాళ్ళకి పొద్దుపోదు. కనపడ్డవాళ్ళందరికీ సలహాలే.

ఇప్పుడు చూస్తే సరిగ్గా ఆయన అడిగిన చోటే గడ్డ లేచింది. ఇంకేం కావాలి!

ఎండుమిరపకాయలూ ఉప్పూ తీసి బిస్కెట్ చుట్టూ మూడుసార్లు తిప్పింది. గ్యాస్ స్టవ్ మీద మాడ్చింది.

"చూశారా, ఒక్క దగ్గయినా వచ్చిందా? దిష్టే!" అనేలోపు స్మోక్ అలారం గుక్కపట్టి ఏడ్చింది. దీపక్ కుర్చీ ఎక్కి తువ్వాలుతో విసరలేక చచ్చాడు.

గడ్డ మీద ఇంత పసుపు కూడా పట్టించింది.

మర్నాడు పెద్దాయన ఆ పసుపు చూసి కంగారుపడ్డాడు.

"పసుపు వద్దమ్మా. నొక్కొద్దు కూడా. లోపల తిత్తి ఉంటుంది, కోసి తీయాల్సిందే. స్టేషన్ పక్కన డాక్టరమ్మ ఉంది, చిన్న జంతువుల్ని బాగా చూస్తుంది. ఈ రోజే వెళ్ళండి, చీము పడితే వీడు తట్టుకోలేడు."

"మీరేమైనా డాక్టరా అంకుల్?"

"కాదమ్మా. పోస్టాఫీసులో చేసి రిటైరయ్యాను. మీకు తీరిక లేకపోతే నేను తీసుకెళ్తాను, ఇటివ్వండి."

రెండు చేతులూ చాచాడు.

అనన్య బిస్కెట్‌ని గుండెకి హత్తుకుని వెనక్కి జరిగింది.

"నో! డోంట్ టేక్ హిమ్! హి ఈజ్ మైన్!"

ఆయన ఏదో చెప్పబోయాడు. పాప కళ్ళలో నీళ్ళు చూసి ఆగిపోయాడు. చేతులు మెల్లగా వెనక్కి తీసుకున్నాడు.

సింధుజకి ఒళ్ళు మండింది.

"మీ చూపు పడకముందు మా బిస్కెట్ నిక్షేపంలా ఉండేది. దయచేసి ఇంక ఇటు రాకండంకుల్."

"అలాగేనమ్మా. డాక్టరమ్మకి మాత్రం చూపించండి" అని వెళ్ళిపోయాడు.

మళ్ళీ రాలేదు.

సాయంత్రం పూట బిస్కెట్ గూటి చువ్వల దగ్గరికొచ్చి రోడ్డు వైపు చూస్తూ కూర్చునేది. కొత్తిమీర కొని పెట్టినా ముట్టలేదు.

పదో రోజున గడ్డ పగిలింది.

"అమ్మా, బిస్కెట్ ఈజ్ నాట్ ఈటింగ్ ఎనీథింగ్." అనన్య గూటి ముందు కూలబడింది.

సింధుజ బిస్కెట్‌ని తువ్వాల్లో చుట్టింది. పెద్దాయన చెప్పిన డాక్టరమ్మ దగ్గరికే పరుగెత్తింది.

డాక్టరమ్మ తెల్లామె. ముఖం చిట్లించి చూసింది.

"పది రోజుల ముందు తెస్తే చిటికెలో పని. ఇప్పుడు చీము పట్టింది. బతుకుతాడని మాటివ్వలేను."

రెండు గంటలు ఆపరేషన్. అనన్య ఏడుస్తూనే ఉంది. తప్పు నాదేనని సింధుజ మనసు కుళ్ళి కుళ్ళి ఏడ్చింది.

చివరికి తలుపు తెరుచుకుంది.

"గండం గడిచింది. అప్పుడే కాప్సికం ముక్క నమిలాడు" అంది డాక్టరమ్మ.

అనన్య ఎగిరి గంతేసింది.

డాక్టరమ్మ లోపలికెళ్ళి చిన్న కుండీ ఒకటి తెచ్చి పాప చేతికిచ్చింది. నిండా కొత్తిమీర మొక్కలు.

"ఇది నీదే. నడుం మీద గడ్డతో తెలుపూ గోధుమరంగూ గినీ పిగ్‌ని తీసుకుని ఒక పాప వస్తుంది, ఇవ్వమన్నారు ఒక తాతగారు. మొన్న ఆదివారం ఇండియా ఫ్లైట్ ఎక్కేముందు ఇచ్చి వెళ్ళారు."

సింధుజ ఆ కుండీ వంక చూసింది. "మేమొస్తామని ఆయనకెలా తెలుసు? అసలు ఆ గడ్డ సంగతి ఎలా తెలిసింది?"

"బొచ్చు గొరిగితే కింద పాత కుట్టు మచ్చ కనిపించింది. అది నా కుట్టే. పోయినేడాది ఈ తిత్తి తీసింది నేనే, మళ్ళీ రావచ్చని చెప్పింది కూడా నేనే."

డాక్టరమ్మ కంప్యూటర్ తెర ఇటు తిప్పింది.

ఫోటోలో మంకీ క్యాపు పెట్టుకున్న పెద్దాయన ఒళ్ళో బిస్కెట్ ముడుచుకుని నిద్రపోతోంది. కింద "పేషెంట్ కిట్టు, యజమాని ద్వారకానాథ్, మనవడికి ఎలర్జీ వల్ల వేరే ఇంటికి ఇచ్చేశారు" అని రాసి ఉంది.