తెర మీద గంప

ఆళ్లగడ్డ టూరింగ్ టాకీసులో ఆ రాత్రి దయ్యం సినిమా. పాడుబడ్డ మేడలో నాయికకు పూర్వజన్మ కళ్లకు కట్టే వేళ, తెర మీదికి ఒక నీడ వచ్చింది. దాని నెత్తిన గంప ఉంది.

"ఎవరమ్మా అది, కూచో! బొమ్మ కనపడల్యా!" జనం అరిచారు.

ఆపరేటర్ దేవసహాయం మిషను పక్క కంతలోంచి చూశాడు. అందరూ నేల మీదే కూర్చున్నారు. నిలబడినవాళ్లు ఒక్కరూ లేరు.

వాళ్లమ్మ రాహేలమ్మ ఈ డేరాలోనే గంపతో వేయించిన వేరుశనగ బుడ్డలు అమ్మేది. బొమ్మకు అడ్డమొస్తే అందరికన్నా ముందు కసిరేది అతనే. ఆమె పోయి ఏడాదైంది.

అతను మిషను దీపం ఆర్పేశాడు. డేరా అంతా చీకటైంది.

తెర మీద నీడ మాత్రం పోలేదు. అది గంప దించుకుని, అతను కసిరినప్పుడల్లా కూర్చున్నట్టే, ఒదిగి కూర్చుంది.