ఐదో బండి

"ఐదు బండ్లెళ్ళి నాలుగే తిరిగొచ్చినాయేట్రా?" గుమ్మంలోనే నిలదీసింది చిన్నతల్లి.

సత్యప్రసాద్ ఇంట్లోకి అడుగు పెట్టలేదు. పది రోజులు కొండదారుల్లో తిరిగిన ఎర్రదుమ్ము ఒంటిమీదే ఉంది.

"అచ్చెన్నని చెక్‌పోస్టు గేటు కాడ సైనికులు పట్టుకున్నారక్కా. దొరికిన కుర్రోళ్ళనల్లా బలవంతంగా పట్టాళంలో కలిపీస్తన్నారు కదా, ఆణ్ణీ కలిపీసినట్టే."

"నా తమ్ముడెప్పుడూ అంతే, దిక్కులు సూస్తా ఎనకబడతాడు. ఆడు ఆగిపోనాడని మీకు తెలీనేదా?"

జట్టుగా తిరిగే ఈ మోటార్‌సైకిల్ రైడర్లకు ఒక కట్టుబాటుంది. ప్రతివాడూ అద్దంలో వెనకబండిని కనిపెట్టుకుని పోవాలి. అది ఆగితే అందరూ ఆగాలి. అచ్చెన్న ముందు బండి సత్యప్రసాద్‌దే.

"తెలిసిందక్కా. ఆడు సెయ్యూపి పిలిసినాడు. నాను అద్దం మడిసీసి బండి లాగించీసినాను."

చిన్నతల్లి చెయ్యెత్తింది. కొట్టలేదు. మిగతా ముగ్గురూ ఈ వీధిలోకే రాలేదు. నిజం మోసుకుని వచ్చింది వీడొక్కడే.

"బండెక్కడుంది?"

"ఊరి బయట షెడ్డులో. మోటార్‌సైకిళ్ళని రంగూన్‌లోకి రానివ్వరు కదా."

ఆమె చెప్పులు తొడుక్కుంది. "పద. ఆ గేటు సూపించు."

"నన్నూ పట్టుకుంటారక్కా!"

"మైలు ముందే దింపీసి ఎనక్కొచ్చీ. మిగిల్నది నాను నడుస్తాను."