బండి ఎవరి పేరున?

దసరాకు వారం ముందు శ్రీనివాసప్ప, మునిలక్ష్మమ్మ ఉతికిన బట్టలు కట్టుకుని, నుదుట విభూతి పెట్టుకుని, బంగారుపేటకు వచ్చారు. వచ్చింది ఒక క్యాంపర్ వ్యాన్ దొంగిలించడానికి.

తను పనిచేసిన బంగారు గని మూతపడ్డాక శ్రీనివాసప్ప చేతికి కుదిరిన పని ఇదొక్కటే. స్కూటర్లతో మొదలుపెట్టి జీపుల దాకా వచ్చాడు. రాబర్ట్‌సన్‌పేటలో ఆయన ఎక్కడైనా ఆగి నిలబడితే చాలు, చుట్టుపక్కల వాళ్ళు జేబులో తాళంచెవి తడుముకుంటారు. అందుకే ఊరు దాటి రావాల్సి వచ్చింది.

జైలుకు అన్నం క్యారియర్ మోసి మోసి మునిలక్ష్మమ్మకు విసుగు పుట్టింది. "ఇదే ఆఖరిది" అని భర్త చేత ఒట్టు వేయించుకున్నాకే గడప దాటింది. ఈ బండి అమ్మి, తన పుట్టింటి ఊరు బూదికోటలో రెండు గదులు వేసుకోవాలని ఆమె ఆశ. ఈసారి పట్టుబడితే, గని దుమ్ము తిన్న ఆ రొమ్ముతో ఆయన జైల్లోంచి ప్రాణంతో రాడని ఆమెకు తెలుసు.

బండి యజమాని రామచంద్ర వాళ్ళను చూడగానే కుర్చీలు వేయించాడు.

"రిటైరైన మాస్టర్లమప్పా. నాలుగు దేవుళ్ళను చూసి రావాలని..." అని శ్రీనివాసప్ప మొదలుపెట్టాడు.

"పోయి రాండి సార్. మంచముండాది, పొయ్యి ఉండాది. ఆంధ్రా పక్క కూడా తిరిగి రాండి. నింపాదిగా రాండి, ఊరికే ఫోన్ చేసి సతాయించను."

"ఆధార్ కార్డు, అడ్వాన్సు..." అని శ్రీనివాసప్ప నసిగాడు.

"పెద్దోళ్ళ దగ్గర అవన్నీ అడిగితే నాకు పాపం సుట్టుకుంటాది!"

పైగా కాఫీ ఇప్పించి, తాళంచెవి చేతిలో పెట్టాడు. బండి ఊరు దాటాక మునిలక్ష్మమ్మ నిట్టూర్చింది. "ఇంత అమాయకుడు వ్యాపారం ఎట్ల చేస్తాండాడో పాపం."

"నోరు మూసుకుని కూర్చోవే. మన అదృష్టం."

ఆంధ్రా పక్క వి.కోటలో బండి కొనేవాడు సిద్ధంగా ఉన్నాడు. అయితే ఉన్నపళంగా సరిహద్దు దాటితే అనుమానం వస్తుందని, కొన్నాళ్ళు యాత్రికుల్లా తిరిగారు. కోటిలింగాల గుడి చూశారు. చెరువు గట్టున బండి ఆపి, అందులోనే రాగిముద్ద గెలికి తిన్నారు. పెళ్ళయ్యాక మొగుడితో కలిసి ఆమె చేసిన ప్రయాణాలన్నీ కోర్టుకే. వానలు వెలిసి, చేలన్నీ పచ్చగా ఉన్నాయి. కిటికీ పక్క మంచం మీద పడుకుని చూస్తుంటే ఆమెకు ఈ బండిని ఎవరికో అమ్మేయాలంటేనే దిగులనిపించింది.

బూదికోట చేరేసరికి ఆయుధపూజ. వీధిలో ట్రాక్టర్లు, ఆటోలు కడిగి పసుపు కుంకుమలు పెడుతున్నారు.

"మన బండికీ చేయించాల," అంది మునిలక్ష్మమ్మ.

"దొంగ బండికి పూజేందే?"

"ఇన్ని దినాలు పడుకోను చోటిచ్చినాది. మొక్కకుండా ఎట్ల?"

ఆమె పట్టు ఆయనకు తెలుసు. బండి కడిగాడు. అరటి పిలకలు కట్టాడు. నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాడు. పూజారి వచ్చి అక్షతలు పట్టుకున్నాడు.

"బండి ఎవరి పేరున ఉండాదప్పా? సంకల్పం చెప్పాల."

"శ్రీనివాసప్ప," అన్నాడు ఆయన ఠక్కున.

"కాదు సామీ," అని మునిలక్ష్మమ్మ అడ్డుపడింది. "బంగారుపేట రామచంద్ర అని చెప్పండి. గోత్రం మాకు తెలీదు."

"తెలీకపోతే కాశ్యపం అనుకుందాం," అని పూజారి మంత్రం అందుకున్నాడు.

గుమ్మడికాయ పగిలి, పూజారి వెళ్ళిపోయేదాకా శ్రీనివాసప్ప పళ్ళు కొరుక్కుంటూ నిలబడ్డాడు.

"బుద్ధుండాదా నీకు?"

"నీ పేరు చెప్తే అమ్మోరి మొగం ముందర అబద్ధమాడినట్టు కాదా?"

"ఇప్పుడు మాత్రం? ఆయప్ప పేరున పూజ చేసి, రేపు ఆయప్ప బండినే ఎట్ల అమ్మేదే?"

ఆమె అంతదూరం ఆలోచించలేదు.

పూజ చేసిన బండిని ఆ దినం కదిలించకూడదు. వి.కోట నుంచి ఫోన్ మోగుతూనే ఉంది. శ్రీనివాసప్ప చక్రం పక్కన కూర్చుని బీడీ మీద బీడీ కాల్చాడు. గని లోపల ఆయుధపూజకు డ్రిల్లు మిషన్‌కు ఎన్నోసార్లు కుంకుమ పెట్టాడు. పక్కవాళ్ళ మీద బండ విరిగిపడినా తన తల నిలిచింది ఆ తల్లి దయ అనే నమ్మాడు.

"పోలీసోళ్ళకు అబద్ధం చెప్పినాను, జడ్జికి చెప్పినాను," అన్నాడు చివరికి. "ఈయమ్మకు చెప్పలేనే."

"రెండు గదులు?"

"గనోళ్ళిచ్చిన లైన్ ఇల్లు ఉండాది కదా. ఇంగ నువ్వు క్యారియర్ మోసే పని లేదులే."

మునిలక్ష్మమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఏడుపు ఇల్లు పోయినందుకో, మొగుడు మిగిలినందుకో ఆమెకే తెలియలేదు.

పండగ దాటిన మరునాడు, బంతిపూల దండలతో ఊగుతూ బండి బంగారుపేట చేరింది. రామచంద్ర ఆఫీసులో ఒక పోలీసు, ఒక ఇన్సూరెన్స్ ఆయన కూర్చుని ఉన్నారు. మునిలక్ష్మమ్మ ప్రసాదం పొట్లం పట్టుకుని బండి దిగింది. రామచంద్ర తువ్వాలుతో కళ్ళొత్తుకుంటున్నవాడల్లా బండిని చూసి, తువ్వాలు జారవిడిచాడు.

"దొంగలెత్తుకు పోయినారని రాసిచ్చిన బండి ఇదేనా?" అని ఇన్సూరెన్స్ ఆయన లేచాడు.

"ఎవరూ ఎత్తుకు పోలేదు సార్," అంది మునిలక్ష్మమ్మ గబగబా. "మీ పేరునే పూజ కూడా చేయించినామప్పా రామచంద్రా! ఇదో ప్రసాదం!"

పోలీసు ఆ ఫిర్యాదు కాగితం చింపేసి, ప్రసాదం కళ్ళకద్దుకుని బయటికి నడిచాడు. ఇన్సూరెన్స్ ఆయన సంచి సర్దుకుని ఆయన వెంటే పోయాడు.

రామచంద్ర శ్రీనివాసప్ప చెయ్యి పట్టుకుని బండి వెనక్కు లాక్కుపోయాడు.

"రాబర్ట్‌సన్‌పేటంతా ముందే విచారించి, నిన్ను చూడగానే గుర్తుపట్టి, బండి పోతే తిరిగి రానే రాదని నమ్మి నీ చేతికిచ్చినాను కదప్పా... పేరున్న దొంగవై ఉండి నన్నిట్ల మోసం చేస్తావా?"