ఒక్క తప్పు

“తప్పు చెప్పింది.”

మూడో వరుసలోంచి ఒకామె లేచి నిలబడి అంది.

షామియానా కింద కూర్చున్న జనమంతా అటు తిరిగారు.

వేదిక మీద, బల్లపైన నిలబెట్టిన ఏడేళ్ల కృప మైకు ముందు ఆగిపోయింది.

బైబిల్లో ఏ అధ్యాయం, ఏ వచనం అడిగినా గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పే పిల్ల. ఒకసారి చెవిన పడితే మరి పోదు. మొయినాబాద్ చుట్టుపక్కల ఎక్కడ సువార్త కూటం జరిగినా కృప బల్లెక్కాల్సిందే.

ఈ చేవెళ్ల కూటం మాత్రం మామూలుది కాదు. పట్నం నుంచి పెద్ద పాస్టరు, అందరూ పెద్దయ్యగారనే ఆయన, వచ్చారు. ఈరోజు తప్పు లేకుండా చెబితే కృపను తన వెంట తీసుకుపోతానన్నారు. ఇక ఊరూరా సభలు, పట్నంలోనే బస, అక్కడే చదువు. తండ్రి రత్నాకర్ అప్పుడే మాటిచ్చేశాడు.

వేదిక పక్కన నిలబడ్డ తల్లి ప్రేమజ్యోతికి ఒళ్లు మండింది.

“ఏంది తప్పు? నా బిడ్డ తప్పు చెప్పుడా?”

“చెప్పింది. నడుమ ఒక మాట ఇడిసిపెట్టింది. ఓడిపోయింది గదా, ఇగ దించుండ్రి కిందికి.”

“ఎవరమ్మా నువ్వు? ఏ సంఘం?” రత్నాకర్ మైకు అందుకున్నాడు.

“ఏ సంఘమైతేంది? తప్పు తప్పే.”

ముందు వరుసలో ఒకాయన పుస్తకం తెరిచి, వేలు పెట్టి పైకి చదివాడు. అక్షరం పొల్లు పోలేదు. కృప చెప్పింది చెప్పినట్టే ఉంది.

జనం గొల్లున నవ్వారు.

“చదువు రానట్టున్నది పాపం!”

“పిల్లను జూసి కండ్లు మండినయ్ తియ్!”

“కూసో అవ్వా, జర సిగ్గుండాలె!”

ఆమె కూర్చోలేదు. “నేను జెప్తున్న గదా, తప్పని. దించుండ్రి.”

ప్రేమజ్యోతి విసవిసా ఆమె దగ్గరికి వచ్చింది.

“పొద్దుగాల్నుంచి చూస్తున్న. నా బిడ్డ దిక్కే గుడ్లప్పగించి కూసున్నవ్. ఒకరు బాగుపడితే ఓర్వలేవా? నడువు బయటికి.”

ఆమె ప్రేమజ్యోతి ముఖంలోకి చూసింది.

“నీళ్లన్న తాపు బిడ్డకు,” అని మాత్రం అంది.

ఇద్దరు వాలంటీర్లు ఆమెను రెక్క పట్టుకుని గేటు దాటించారు.

“మళ్లీ మొదలుపెడదాం,” అన్నారు పెద్దయ్యగారు నవ్వుతూ. “అడగండి, ఎవరైనా అడగండి!”

చేతులు లేచాయి.

ప్రేమజ్యోతి వేదికెక్కి నీళ్ల సీసా కృప నోటికి అందించింది. పిల్ల తాగలేదు. తల్లి చెవిలో గుసగుసగా అడిగింది.

“అమ్మా, నేను నిజంగ తప్పు చెప్పిన్నా?”

“లేదు బిడ్డా. ఆమెకే ఏం తెల్వది. నువ్వు మంచిగ చెప్పినవ్.”

కృప ముఖం వాడిపోయింది.

“తప్పు చెప్పిన అనుకున్న,” అంది. “ఇగ దిగొచ్చు అనుకున్న.”

ప్రేమజ్యోతి పిల్ల మెడ మీద చెయ్యి వేసింది. కాలిపోతోంది.

నిద్రలో కూడా ఆ పెదాలు కదులుతుంటే ముద్దుగా చూసుకున్నది తనే. పక్కింటివాళ్లను పిలిచి చూపించింది కూడా తనే.

“మరి రాదని చెప్పొచ్చు గదనే?”

“అడగంగనే వచ్చేస్తయమ్మా. ఆపుదామన్నా ఆగయి.”

కింద నుంచి ఎవరో ఒక వచనం కోసం కేకేశారు. కృప పెదాలు వాటంతటవే విడివడ్డాయి.

ప్రేమజ్యోతి అరచేత్తో ఆ నోరు మూసింది.

రెండో చేత్తో పిల్లను ఎత్తి చంకనేసుకుంది.

“ఏం జేస్తున్నవే?” రత్నాకర్ పళ్లు కొరికాడు. “అందరు చూస్తున్నరు. పరువు పోతది.”

“పోనియ్. నీ పరువు మొయ్యనీకి కనలే నేను దీన్ని.”

“పెద్దయ్యగారికి మాటిచ్చిన!”

“ఇచ్చినోనివి నువ్వే పో. నువ్వే బల్లెక్కి చెప్పు.”

ఆడవాళ్ల వైపు నుంచి కిసుక్కుమని నవ్వులు.

పెద్దయ్యగారు గొంతు సవరించుకున్నారు. “అమ్మా, ఇది దేవుడిచ్చిన వరం. దాచిపెట్టడం తప్పు.”

“దేవుడు దానికిచ్చిండు అయ్యగారూ, మనకు కాదు. పెద్దగైనంక చెప్పాలనిపిస్తే అదే చెప్తది. అప్పటిదాక మా ఊరి బడికే పోతది, నా పక్కల్నే పంటది. ఎవరికి కష్టమైనా సరే.”

ఎదురుగా ఉన్న మైకు ఆ మాటల్ని మైదానం చివరిదాకా మోసుకుపోయింది.

దారి ఇవ్వని కుర్చీలను మోకాలితో నెట్టుకుంటూ ప్రేమజ్యోతి బయటికి నడిచింది. భుజం మీద కృప అప్పుడే నిద్రలోకి జారింది.

గేటు దగ్గర స్టూలు మీద గిద్యోను కూర్చుని ఉన్నాడు. చేవెళ్ల సంఘంలో అందరికంటే పాత పెద్దమనిషి.

“తాతా, ఇందాక ఎల్లగొట్టినమే, ఆమె ఏది?”

“మెహిదీపట్నం బస్సెక్కింది బిడ్డా. గిప్పుడే పోయింది.”

ప్రేమజ్యోతి ఖాళీ రోడ్డు వైపు చూసింది.

“నోటికొచ్చినట్టు తిట్టి పంపిన. పాపం, చదువు రాకున్నా పిల్ల బాధ తెలిసిన మనిషి.”

గిద్యోను కండువాతో కళ్లు అద్దుకున్నాడు.

“చదువు రాకనా? గేటు దాటుతుంటే దగ్గర్నుంచి జూసి ఇప్పుడు పోల్చుకున్న. నా పెండ్లైన కొత్తల, గీ మైదానంలనే, మేమందరం వచనాలు అడుగుతుంటే, గొంతు పడిపోయేదాక ఒక్కటంటే ఒక్క మాట తప్పకుండ చెప్పిన పిల్ల ఆమెనే బిడ్డా.”