రాతి భూతానికి చెప్పిన మాట

భర్త ఒకనాడు "వెళ్ళొస్తా" అనకుండా గడప దాటి, మరి తిరిగి రాలేదు. అప్పటినుంచి ఆ మాట అనందే ఇంట్లో ఎవరినీ కదలనివ్వదు కాంతమ్మ.

కెనడాలో, ఒంటారియోలోని లండన్ అనే ఊళ్ళో చలికాలం, మ్యూజియం మూసే వేళ. పాతకాలపు చర్చి నుంచి తెచ్చిన రాతి భూతం ముందు ఆమె, మనవరాలు చరిత ఇద్దరే మిగిలారు. భూతం కాళ్ళ కింద లాటిన్ అక్షరాలు చెక్కి ఉన్నాయి.

"ఏం రాశారే?"

చరిత గోడమీది బోర్డు చదివింది. "వస్తానన్నవాళ్ళ కోసం మేలుకునే ఉంటాను, అనంట. సో క్రీపీ, అమ్మమ్మా!"

లైట్లు ఒక్కొక్కటే ఆరుతున్నాయి. తలుపు దగ్గర చరిత అలవాటుగా వెనక్కి తిరిగి భూతానికి చెయ్యూపింది.

"వెళ్ళొస్తా!"

కాంతమ్మ మనవరాలి నోరు గట్టిగా మూసింది. ఎన్నాళ్ళుగానో ఎవరూ పలకరించని గొంతొకటి, చీకట్లోంచి, ప్రేమగా, తెలుగులోనే పలికింది.

"మంచిది తల్లీ. చీకటి పడకముందే రా."